ఆకును చూసి వేరును తెలుసుకోవడం: ఆకుమడి నుంచి కోత వరకు వరి పెంపకం

గోదావరి డెల్టాలో చేను ఎలా ఉందని అడిగితే గట్టు మీద నిలబడి, ఆకు రంగు చూసి చెప్పేవారే ఎక్కువ. చేలోకి దిగి ఒక కుదురును (ఒకచోట నాటిన మొక్కల గుత్తిని) మట్టితో సహా పెకలించి, బోదె నీటిలో జాడించి, వేళ్లు చూసిన తరువాత చెప్పేవారు తక్కువ. పైరు పచ్చబారినా (పసుపు రంగుకు తిరిగినా), పిలక (మొదట్లోంచి వచ్చే పక్క కాడ) తొడగకపోయినా, యూరియా వేసిన వారానికి కూడా ఆకు ముదురు పచ్చకు తిరగకపోయినా కారణం చాలా సందర్భాలలో బురదలోనే ఉంటుంది. వరిలో వేరు, ఆకు, పిలక మూడూ ఒకే లెక్క ప్రకారం పుడతాయి. ఆ లెక్క తెలిసినవాడు పైకి కనిపించే ఆకును బట్టి కింద కనిపించని వేరు ఏ స్థితిలో ఉందో చెప్పగలడు, దానికి తగినట్లు నీరు పెట్టడమో తీయడమో చేయగలడు. ఆ లెక్కను గింజ నానబెట్టిన రోజు నుంచి ఎలా పట్టుకోవాలో, ఏ దశలో ఏమి చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

గింజ నుంచి మొలక వరకు

మరాడించిన బియ్యపు గింజ ఒక కొసన చిన్న నొక్కు కనిపిస్తుంది. అది బీజపిండం ఊడిపోయిన చోటు. వడ్ల గింజలో ఆ పిండం భద్రంగా ఉంటుంది, అందులో వేరుకూ మొలకకూ కావలసిన ముక్కలు రెండూ ముందే సిద్ధంగా ఉంటాయి. మిగిలిన గింజ అంతా పిండిపదార్థమే. మొలక సొంతంగా ఆకు విప్పి అన్నం వండుకునే వరకు ఆ పిండే దానికి తిండి కాబట్టి, తాలు గింజలనూ అరకొర గింజలనూ ముందే తీసివేయాలి. ఉప్పు కలిపిన నీటిలో విత్తనాలు పోస్తే తేలికవి పైకి తేలుతాయి; వాటిని తీసివేసి, అడుగున నిలిచినవాటిని మంచినీటితో రెండు మూడుసార్లు కడగాలి. కడగకుండా వదిలితే ఉప్పు మొలకను దెబ్బతీస్తుంది.

దంప నారుమడికి (బురద చేసి నారు పెంచే మడికి) విత్తనాన్ని 24 గంటలు నానబెట్టి, ఆ తరువాత నీరు వార్చి 24 గంటలు మండె కట్టడం, అంటే బస్తాలో కప్పి మొలకెత్తించడం, మన వాడుక. విత్తనశుద్ధి కూడా ఈ నీటిలోనే జరిగిపోతుంది: కిలో విత్తనానికి లీటరు నీటిలో 1 గ్రాము కార్బండిజం అనే తెగుళ్ల మందు కలిపి, అందులోనే నానబెట్టాలి. మండెలో గింజలు గాలి పీలుస్తాయి, ఆ శ్వాసతోనే బస్తా లోపల వేడి పుడుతుంది. గడ్డి కప్పి బరువు పెట్టడం ఆ వేడి నిలవడానికే అయినా, వేడి మితిమీరితే మధ్యలోని గింజలు ఉడికినట్లయి చచ్చిపోతాయి కనుక, ఒకటి రెండుసార్లు బస్తాలో చెయ్యి పెట్టి చూసి, అవసరమైతే గింజను తిరగేసి నీరు చిలకరించాలి. తెల్లటి మొన గింజ కొసన కనిపించగానే చల్లాలి. వేళ్లు పొడవుగా సాగేదాకా ఆగితే అవి ఒకదానితో ఒకటి పెనవేసుకుని, చల్లేటప్పుడు చేతిలోనే తెగిపోతాయి. కొత్తగా కోసిన ధాన్యాన్నే విత్తనంగా వాడితే కొన్ని రకాలు నిద్రావస్థ తీరక అసలు మొలవవు. అటువంటప్పుడు మండెను తప్పుపట్టి ప్రయోజనం లేదు. గుప్పెడు గింజలను తడిగుడ్డలో కట్టి ముందుగానే మొలక శాతం చూసుకోవడం మేలు.

ఇక్కడ ఇంట్లోనే చేయదగిన ఒక పరీక్ష ఉంది, పిల్లల చేత చేయించినా బాగుంటుంది. నానిన గింజలను రెండు పాళ్లు చేసి, ఒక పాలును తడిగుడ్డలో ఉంచాలి. రెండవ పాలును మరిగించి చల్లార్చిన నీటిని అంచుదాకా నింపిన గాజు సీసాలో వేసి, గాలి దూరకుండా మూత బిగించాలి. నాలుగైదు రోజుల తరువాత తీసి చూస్తే తడిగుడ్డలోని గింజకు బలమైన తెల్లటి వేరు కనిపిస్తుంది, మొలక దాని పక్కన ఇంకా పొట్టిగానే ఉంటుంది. సీసాలోని గింజకు మాత్రం వేరు దాదాపు ఉండదు, పాలిపోయిన మొలక ఒక్కటే సన్నగా పైకి సాగి ఉంటుంది. గింజ ఒకటే, రకం ఒకటే, తేడా గాలిది. మొలకను కప్పి ఉండే తొడుగు ప్రాణవాయువు లేకపోయినా పిండిని పులియబెట్టుకుని సాగగలదు. వేరుకు ఆ శక్తి లేదు. నీళ్లలో పడినవాడు కాలు మోపడానికి నేల వెతకడం మానేసి ముందు ముక్కు పైకెత్తినట్లు, మునిగిన గింజ ముందుగా గాలిని అందుకోవాలని చూస్తుంది.

ఆకుమడిలో, అంటే నారుమడిలో, నీటి యాజమాన్యమంతా ఈ ఒక్క విషయం మీదే నిలిచి ఉంది. మొలక ఆకు పూర్తిగా పురివిచ్చుకునే వరకు మడిలో నీరు నిలవ ఉంచకుండా ఆరుతడి ఇవ్వాలి, ఆ తరువాతే పలుచగా నీరు కట్టాలి. ఒక సార్వాలో (తొలకరి పంటలో) నేను విత్తనం చల్లిన రాత్రే గట్టి వాన కురిసి, మురుగు లాగక, మడి మూడు రోజులు మునిగే ఉంది. నాలుగో రోజుకు మొలకలు వచ్చాయి కానీ పట్టుకోవడానికి వేరు లేక, గాలికి కొట్టుకుపోయి ఈశాన్యపు మూల గట్టు పక్కన తెట్టెలా చేరాయి. మడిని ఎత్తు మళ్లుగా విభజించి, మధ్యమధ్య నీరు పోయే కాలువలు తీయడం ఎందుకో ఆ ఏడు నాకు బోధపడింది. ఎకరం ఊడ్పుకు (నాట్లకు) 5 సెంట్ల ఆకుమడి, 20 నుంచి 25 కిలోల విత్తనం చాలు. స్థలం ఆదా అవుతుందని అదే విత్తనాన్ని రెండు సెంట్లలో కుమ్మరిస్తే మొక్కలు వెలుతురు కోసం పోటీపడి సన్నగా సాగుతాయి, వేళ్లు చిక్కుపడతాయి, నారు తీసేటప్పుడు సగం వేరు మడిలోనే మిగిలిపోతుంది.

వేరు ఎక్కడ పెరుగుతుంది, ఆకు ఎక్కడ పెరుగుతుంది

ఈ తేడా తెలియడానికి పెసర గింజ అనువైనది, ఎందుకంటే దాని వేరు లావుగా ఉండి గుర్తులు పెట్టడానికి వీలిస్తుంది. మొలకెత్తిన పెసర గింజ వేరు రెండు సెంటీమీటర్లు సాగాక, తడి అద్ది, కొస నుంచి పైకి మిల్లీమీటరుకు ఒకటి చొప్పున సిరాతో సన్నని గీతలు పెట్టి, గింజను తడికాగితం మధ్య నిలువుగా ఉంచాలి. మరునాటికి కొసకు దగ్గరగా ఉన్న గీతలు ఎడంగా జరిగి ఉంటాయి, పై గీతలు పెట్టినచోటే ఉంటాయి. అంటే వేరు మొత్తం సాగడం లేదు. కొసన ఉన్న కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే సాగుతున్నాయి. ఆ కొసకు ముందు టోపీ వంటి పొర ఉండి మట్టి రాపిడిని భరిస్తుంది. వెనుక ఉన్న భాగంలో కొత్త కణాలు విభజన చెందుతాయి. ఇంకొంచెం వెనుక అవి సాగుతాయి. ఆపైన నూగు వంటి మూలకేశాలు పుట్టి నీటినీ పోషకాలనూ లాగుతాయి. అదే గింజను పక్కకు పడుకోబెడితే ఒక్క రోజులోనే వేరు కిందికి వంగుతుంది, మొలక పైకి లేస్తుంది. వేరు టోపీలోని పిండి రేణువులు బరువుకు కిందివైపు చేరడమే ఈ దిశ తెలియడానికి మూలం. ఆ తరువాత ఆక్సిన్ అనే పెరుగుదల పదార్థం కిందివైపు ఎక్కువగా చేరుతుంది. అది వేరులో సాగుదలను అడ్డుకుంటుంది, కాండంలో సాగుదలను పెంచుతుంది. ఒకే పదార్థం ఒకదానిని కిందికి, ఇంకొకదానిని పైకి తిప్పడం నాకు ఇప్పటికీ వింతగానే తోస్తుంది.

వరి ఆకు మాత్రం ఇందుకు వ్యతిరేకం. అది కొసన కాక మొదట్లో పెరుగుతుంది. వరి మొక్కలో ఆకులను పుట్టించే మొగ్గ కూడా చిరుపొట్ట దశ (లోపల వెన్ను అంకురించే దశ) వచ్చే వరకు నేలమట్టానికి దగ్గరగా, ఆకుతొడిమల మధ్య దాగి ఉంటుంది. దూడ ఆకుమడిలో పడి కొసలు మేసినా మడి మళ్లీ లేవడానికి కారణం ఇదే. ముదిరిన నారు కొసలు తుంచి ఊడ్చినా మొక్క చావదు, పైగా ఆకు కొసల మీద కాండం తొలుచు పురుగు పెట్టిన గుడ్లు తుంచిన ఆకుతోనే పోతాయి. ఆకు ఎండుతెగులు ఉన్నచోట మాత్రం ఈ పని చేయకూడదు, తెగిన గాయాల గుండా తెగులు ప్రవేశిస్తుంది. తెగిన వేరు కొస సంగతి అలా కాదు. దాని పెరుగుదల దాదాపు అక్కడితో ఆగిపోతుంది, దాని బదులు పక్క వేళ్లో, పై కణుపు నుంచి కొత్త వేళ్లో రావాలి. కాబట్టి నారు తీసే ముందు మడికి నీరు పెట్టి మట్టిని మెత్తబరచి, మొక్కలను కొద్దికొద్దిగా, మొదలు దగ్గర పట్టి లాగాలి. కట్ట కట్టేముందు మట్టి పోవడానికి కాళ్లకేసి బాదడం మన కూలీలకు అలవాటు. నీటిలో జాడిస్తే సరిపోయే చోట బాదవలసిన అవసరం లేదని నా అభిప్రాయం.

ఊడ్పు, మూన, పిలక

వరికి గింజ నుంచి వచ్చే తొలి వేరు ఒక్కటే. అది కొద్ది వారాలే పనిచేస్తుంది. ఆ తరువాత మొక్కను పోషించేవి కణుపుల నుంచి గుత్తులుగా పుట్టే వేళ్లు, వరి వేళ్లను పీచువేళ్లు అనడం వీటిని చూసే. ఊడ్చిన మొక్కకు పాత వేళ్లలో చాలావరకు తెగిపోయి, మిగిలినవి కూడా క్రమంగా పనిచేయడం మానేస్తాయి కనుక, వారం రోజుల లోపు కింది కణుపుల నుంచి కొత్త తెల్లవేళ్లు వస్తేనే మూన తిరుగుతుంది, అంటే నాటిన మొక్క నిలదొక్కుకుంటుంది. ఆ వారంలో ఆకు పచ్చబారడం సహజం. అది చూసి కంగారుపడి యూరియా చల్లడం వృథా, ఎందుకంటే లాక్కోవడానికి వేరు ఇంకా లేదు.

కణుపుల నుంచి వేళ్లు రావడానికి ఆ కణుపులు పైమట్టిలో, గాలికి దగ్గరగా ఉండాలి. అందుచేత నారును 2 నుంచి 3 సెం.మీ. లోతుకు మించి దింపకూడదు. దమ్ము చేసిన (నీరు పెట్టి బురదగా దున్నిన) వెంటనే, బురద ఇంకా తేరక ముందే ఊడిస్తే మొక్క తన బరువుకే లోతుకు దిగిపోతుంది. లోతుగా నాటిన మొక్క ముందు తన మొదలును పైకి తెచ్చుకోవడానికి శ్రమపడుతుంది, ఆ తరువాతే పిలక గురించి ఆలోచిస్తుంది. కుదురుకు రెండు మూడు మొక్కలు చాలు. సార్వాలో చదరపు మీటరుకు 33 కుదుళ్లు, దాళ్వాలో (రెండవ పంటలో) 44 కుదుళ్లు ఉండేలా చూడాలి. అంటే సార్వాలో 20 × 15 సెం.మీ., దాళ్వాలో 15 × 15 సెం.మీ. ఎడం వస్తుంది. ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. బాట తీయడం గాలి వెలుతురుల కోసమే కాక, మందు చల్లేవాడి కాళ్ల కింద వేళ్లు నలగకుండా ఉండటానికి కూడా.

ఇక మొదట్లో చెప్పిన లెక్క. వరి మొక్కలో ఒక ఆకు విప్పుకుంటున్న సమయానికి, దానికి మూడు ఆకుల కింద ఉన్న ఆకు మొదట్లోంచి పిలక బయటికి వస్తుంది, దాదాపు అదే కాలంలో అదే కణుపు నుంచి కొత్త వేళ్లు కూడా వస్తాయి. తల్లికాడ మీద ఎనిమిదవ ఆకు విచ్చుతుంటే అయిదవ ఆకు దగ్గర పిలక, అయిదవ కణుపు నుంచి వేళ్లు రావాలని అర్థం. దీనిని చేలో చూడాలంటే చేను మధ్యలో నాలుగైదు కుదుళ్లకు గుర్తుగా పుల్లలు పాతి, తల్లికాడ మీద తాజాగా విప్పిన ఆకు కొసకు రంగు చుక్క పెట్టి, వారానికి ఒకసారి కొత్త ఆకులను లెక్కించాలి. ఆకులు వస్తున్నా పిలకలు రాకపోతే మొక్క ఆ కణుపు దగ్గర పిలకను విడిచిపెట్టిందన్నమాట. పిలక మొగ్గ పుట్టే ఉంటుంది, కానీ తగినంత ఆహారమో వెలుతురో లేక నిద్రపోయింది. ఆ అవకాశం మళ్లీ రాదు, తరువాత వేసిన ఎరువు పై కణుపులలోని పిలకలకే అందుతుంది. అందుకే నత్రజనిని దఫాలుగా వేసేటప్పుడు దమ్ములో ఒక భాగం, పిలకదశ మొదట్లో ఒక భాగం, చిరుపొట్టలో ఒక భాగం వేయమంటారు. కాలువ నీరు ఆలస్యమై నారు ఆకుమడిలోనే ముదిరిపోయిన ఏడాది పిలకలు తగ్గడం కూడా ఈ లెక్కలోనిదే: కింది కణుపుల పిలకల వంతు ఇరుకు మడిలోనే దాటిపోయింది. అటువంటప్పుడు కుదురుకు ఒకటి రెండు మొక్కలు ఎక్కువ వేసి, కుదుళ్లను దగ్గర చేయడం తప్ప మార్గం లేదు.

పిలకకు మూడు ఆకులు వచ్చేసరికి దానికి సొంత వేళ్లు ఏర్పడి, తల్లి మీద ఆధారపడటం తగ్గుతుంది. ఆలస్యంగా పుట్టిన పిలకలు ఆ స్థితికి రాకముందే చిరుపొట్ట దశ వచ్చి, వెన్ను తీయకుండానే ఎండిపోతాయి. కనుక చేలో పిలకల సంఖ్య చూసి మురిసిపోకుండా, వాటిలో సొంత వేరున్నవి ఎన్నో చూడాలి. ఒక కుదురును పీకి, పిలకలను ఒక్కొక్కటిగా విడదీస్తే ఇది తెలిసిపోతుంది.

వేరు రంగు

పీకిన కుదురును శుభ్రంగా జాడించి, తెల్లటి పళ్లెంలో నీరు పోసి పరిస్తే వేళ్లు మూడు రంగులుగా కనిపిస్తాయి. కొత్తవి తెల్లగా ఉంటాయి. పాతవి ఇటుక రంగుకు తిరిగి ఉంటాయి, అది జబ్బు కాదు. వరి వేరులో పొడవునా గాలి గదులు ఉండి, ఆకుల నుంచి వచ్చిన ప్రాణవాయువు వేరు కొస దాకా చేరుతుంది. అందులో కొంత బయటి మట్టిలోకి కారి, బురదలో కరిగి ఉన్న ఇనుమును తుప్పుగా మార్చి వేరు చుట్టూ పూతలా పట్టిస్తుంది. ఆ పూత ఉన్నదంటే వేరు ఊపిరి పీలుస్తున్నదని అర్థం. మూడవ రంగు నలుపు. వేరు నల్లబడి, మెత్తగా ఉండి, వాసన చూస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంటే బురదలో హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి వేరును చంపుతున్నదని గ్రహించాలి. పచ్చిరొట్ట ఎరువునో పాత దుబ్బులనో దమ్ములో కలిపి, అవి కుళ్లక ముందే ఊడ్చిన మడుల్లోనూ, మురుగు లాగని పల్లపు చేలలోనూ ఇది ఎక్కువ.

నల్లవేరుకు విరుగుడు ఎరువు కాదు, గాలి. మడిలో నీరు పూర్తిగా తీసివేసి, నెర్రెలు వెడల్పు కాకుండా సన్నని పగుళ్లు కనిపించే వరకు ఆరగట్టి, మళ్లీ పలుచగా నీరు పెడితే వారం పది రోజుల్లో పై కణుపుల నుంచి తెల్లవేళ్లు కనిపిస్తాయి. డెల్టాలో ఈ పని చెప్పినంత సులువు కాదు. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట నుంచి నీరు తేవడానికి కాలువలు వచ్చాయి గానీ, నీరు పోవడానికి ఉన్న మురుగు కాలువలు గుర్రపుడెక్కతో నిండితే పక్క చేలవాళ్లందరూ కలిస్తే తప్ప ఒక్కడి మడి ఆరదు. మూన తిరిగిన తరువాత పిలకదశ పూర్తయ్యేవరకు 2 నుంచి 3 సెం.మీ. నీరే ఉంచమనడం ఇందుకే. నీరు ఎక్కువైతే కలుపు అణగుతుందన్నది నిజమే, కానీ దానితోపాటు పిలకలూ అణగుతాయి.

ఎడతెగకుండా నీరు నిలిచిన చేలలో జింకు కూడా మొక్కకు అందకుండా పోతుంది. ఊడ్చిన రెండు నుంచి ఆరు వారాల మధ్య ఆకు మధ్య ఈనె మొదట్లో పాలిపోయి, ఆకుల మీద తుప్పు మచ్చలు వచ్చి, పైరు గిడసబారితే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేయాలి. ఇక్కడ కూడా ముందు మడి ఆరగట్టడం మంచిది.

అల్లవరం, ఉప్పలగుప్తం వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఉప్పు నేలల్లో పైన చెప్పిన సూత్రాలలో కొన్నింటిని తిరగవేయాలి. లేతవేరు ఉప్పుకు త్వరగా లొంగిపోతుంది కాబట్టి అక్కడ కొంచెం ముదురు నారునే, కుదురుకు ఎక్కువ మొక్కలు పెట్టి ఊడ్చాలి, ఊడ్చేముందు మంచినీరు పెట్టి తీసి ఉప్పును కడగాలి.

మునిగిన పైరు సంగతి ఇంకొకటి. వరద నీటిలో పూర్తిగా మునిగిన సాధారణ వరి, గింజ చేసినట్లే, పైకి సాగి గాలిని అందుకోవాలని ప్రయత్నిస్తుంది. నీరు త్వరగా తీయకపోతే దాచుకున్న పిండి అంతా ఆ సాగుదలకే ఖర్చయి, నీరు తీసిన తరువాత నిలబడలేక పడిపోతుంది. ఒడిశాకు చెందిన ఒక దేశవాళీ వరిలో ఈ సాగుదలను ఆపి, మొక్కను కదలకుండా ఉంచే జన్యువు దొరికింది. దానిని మన మార్టేరు పరిశోధన స్థానం రూపొందించిన స్వర్ణలోకి తెచ్చిన రకమే స్వర్ణ సబ్-1. అది దాదాపు రెండు వారాల మునకను తట్టుకుంటుంది. ఏటా మునిగే లంక పక్క చేలకూ, మురుగు కాలువ గట్ల కింది చేలకూ ఆ రకం ఎంచుకోవడం తెలివైన పని. ఏ రకమైనా మునక తీసిన వెంటనే ఆకుల మీది ఒండ్రు కడిగి, కొత్త ఆకు, కొత్త వేరు కనిపించాకే పైపాటు ఎరువు వేయాలి.

చిరుపొట్ట నుంచి కోత వరకు

పిలకలు ఆగిన తరువాత ఒక తల్లికాడను మొదట్లోంచి పీకి, బ్లేడుతో నిలువుగా చీల్చి చూడాలి. అంతవరకు నేలమట్టాన ఉన్న మొగ్గ కొద్దిగా పైకి లేచి, కణుపుల మధ్య ఖాళీ ఏర్పడి, కొసన ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్లని నూగు వంటిది కనిపిస్తే అదే వెన్ను అంకురం. వెన్ను బయటికి రావడానికి అప్పటికి మూడు నాలుగు వారాలు ఉంటుంది. చివరి దఫా నత్రజని, పొటాష్ వేయవలసిన సమయం ఇదే. తేదీల ప్రకారం కాకుండా చీల్చి చూసి వేయమని చెప్పడానికి కారణం ఉంది: స్వర్ణ వంటి 150 రోజుల రకానికీ, కాటన్ దొర సన్నాలు వంటి 120 రోజుల రకానికీ ఈ దశ వేర్వేరు రోజులకు వస్తుంది, ముదురు నారు ఊడ్చిన చేలో ఇంకోలా వస్తుంది. ముందుగానే ఎక్కువ నత్రజని వేస్తే కింది కణుపుల మధ్య భాగం పొడవుగా, బోలుగా సాగి, కార్తీకంలో వచ్చే తుఫాను గాలికి చేను పడుకుంటుంది.

ఇక్కడి నుంచి కోతకు వారం ముందు వరకు 5 సెం.మీ. నీరు ఉంచవచ్చు. వెన్ను తీసే సమయానికి వేళ్ల పెరుగుదల దాదాపు ఆగిపోతుంది; ఆపైన ఉన్న వేళ్లను కాపాడుకోవడమే మిగిలిన పని. కోతకు వారం ముందు నీరు తీస్తే నేల గట్టిపడి కోత సులువవుతుంది.

దాళ్వాకు నీరు రాని చేలలో కోతకు రెండు మూడు రోజుల ముందే నిలిచి ఉన్న వరిలోనే మినుము చల్లుతారు. అడుగు పెడితే కాలి ముద్ర పడేంత తడి ఉన్నప్పుడు చల్లాలి, నీరు తేలుతున్నప్పుడు చల్లితే గింజ కుళ్లుతుంది. మినుముకు వరిలా కణుపువేళ్ల గుత్తి ఉండదు. తొలివేరే తల్లివేరై, వరి దుబ్బుల మధ్య మిగిలిన పదును వెంట నేరుగా కిందికి దిగుతుంది.